ఏరివేతమ్మ వదిలేసిన పాఠం

బస్సు ఆగిపోయింది. ఇంజను లోంచి కాలిన వాసన వచ్చింది, డ్రైవరు దిగాడు, కండక్టరు దిగాడు, ఆ తరువాత ఒక్కొక్కరుగా మేమందరమూ దిగాము. దిగినవాళ్లు బస్సు నీడలోకి చేరి డ్రైవరుకు సలహాలివ్వడంలో పడ్డారు. ఒకావిడ మాత్రం చక్రాల పెట్టె లాక్కుంటూ, మేము వెళ్లవలసిన దిక్కుగా, ఎండలో నడిచిపోతోంది. యాభై అయిదేళ్లుంటాయేమో. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, అడుగు ముందుకు విసురుతున్నట్టు నడుస్తోంది. ఇంజన్లు బాగయ్యేదాకా నిలబడే ఓపిక నాకూ లేదు. సంచీ భుజాన వేసుకుని ఆమె వెనకాలే బయలుదేరాను.

చక్రాల చప్పుడు మధ్యలో నా అడుగుల చప్పుడు వినబడి ఆమె తిరిగి చూసింది.

"ఊరింకా ఎంత దూరమో తెలుసా బాబాయిగారూ?"

తెలియదన్నాను.

"నాకూ తెలీదు. అక్కడ నిలబడితే మాత్రం తగ్గదు కదా."

నా సంచీలోంచి ఒక పుస్తకం మూల బయటికి కనబడుతోంది. ఆమె అడగలేదు, నేను ఇవ్వనూ లేదు. నడుస్తూనే లాగి, వెనక అట్ట చూసి, తలకిందులు చేసి దులిపి, మధ్యలో తెరిచి వాసన చూసి, మళ్లీ సంచీలో దోపింది. "పురుగు లేదు, ఉంచుకోండి," అంది. నా సొంత పుస్తకాన్ని నా దగ్గరే ఉంచుకోవడానికి అనుమతి దొరకడం అదే మొదటిసారి.

మీ పనేమిటమ్మా అని అడిగితే, గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లకు పాఠాలు చెప్తానంది. పుస్తకాలు ఏవి కొనాలి, ఏవి కొనకూడదు, కొన్నవాటిని ఎలా కాపాడాలి, ఎప్పుడు తీసెయ్యాలి. ఈ చివరిది చెప్పేటప్పుడే ఎదుటివాళ్ల మొహాలు మాడిపోతాయట. అందుకే గ్రంథాలయాల శాఖ మొత్తంలో ఆమెకు ఏరివేతమ్మ అని పేరు పెట్టారు. "మొహమ్మీద మేడమ్ అంటారు. గుమ్మం దాటగానే ఏరివేతమ్మ. నాకు రెండోదే నచ్చింది, అందులో పనేమిటో తెలుస్తుంది," అంది.

నేను దేశాలు పట్టి తిరిగినవాణ్ణి. కొత్త ఊళ్లో దిగితే ముందు వెతికేది పఠన మందిరమే. ఎండకు నీడ, కూర్చోవడానికి బల్ల, తాగడానికి నీళ్లు, ఎవరూ ఏం కావాలని అడగరు. అలా ఎన్ని చూశానో. కొన్నిటిలో బీరువాలకు తాళాలుండేవి, తాళంచెవి సెలవులో ఉండేది. కొన్నిటిలో సముద్రం మొహం చూడని ఊళ్లో పడవల తయారీ మీద బొమ్మల పుస్తకం, అరవై మైళ్ల అవతల ఇంకో ఊళ్లోనూ అదే పుస్తకం, అదే అరలో. ఈ సంగతి చెబితే ఆమె నడక ఆపి పెద్దగా నవ్వింది. అది లారీ మహిమ అంది. ఏడాదికోసారి ప్రధాన కార్యాలయం నుంచి లారీ బయలుదేరి ప్రతి ఊళ్లోనూ అవే పెట్టెలు దింపుతుంది. ఎవరికేం కావాలని అడిగేవాళ్లు లేరు. పడవల పుస్తకం తనకూ ఎదురైందట, అదీ కొండ మీది ఊళ్లో.

ఇంతలో నీళ్ల క్యాన్ల వ్యాను ఒకటి వచ్చి మా పక్కన ఆగింది. పెట్టె వెనక పెట్టించి, డ్రైవరు పక్కన ఇద్దరం ఇరుక్కున్నాం. అక్కణ్ణించి ఊరు వచ్చేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది. మధ్యమధ్య కిటికీలోంచి మెడ బయటికి పెట్టి ముందున్న లారీని ఎందుకు దాటవని డ్రైవర్ని నిలదీస్తోంది. "దాటితే ఏం వస్తుందక్కా, ముందు ఇంకో లారీ ఉంటుంది," అన్నాడతను. "దాన్నీ దాటు," అంది.

ఆమె కథ చెప్పుల దుకాణంలో మొదలవుతుంది. చదువు మధ్యలో ఆపించి మేనమామ తన దుకాణంలో కూర్చోబెట్టాడు. అద్దాల బీరువాలో, వీధిలోకి కనబడేలా, ముందు మొన తేలిన బూట్ల జత ఒకటి ఉండేది. ఏ పాదానికీ పట్టలేదు. మేనమామ రోజూ పొద్దున్నే దాన్నే ముందు తుడిచేవాడు. ఒక రోజు ఆయన లేనప్పుడు ఈమె దాన్ని తీసి లోపల పెట్టి, ఆ చోట పసిపిల్లల చెప్పులు పెట్టింది. ఆ వారం బేరాలు ఎన్నడూ లేనంత జరిగాయి. మేనమామ మాత్రం వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున అన్నం తింటూ, ఎవరితోనో అన్నట్టు, "అమ్ముడుపోదని నాకు మాత్రం తెలీదా," అన్నాడట. ఆ మాట తనకు అప్పుడు అర్థం కాలేదంది.

దుకాణానికి ఎదురుగా గ్రంథాలయం. బేరాలు లేని వేళల్లో అక్కడికి పోయి, ఆగిపోయిన చదువు సొంతంగా సాగించింది. అక్కడే చిన్న ఉద్యోగంలో చేరి, పరీక్షలు రాసి, గ్రంథపాలకురాలై, ఒక చోట నిలవలేక శిక్షణ విభాగం అడిగి మరీ పుచ్చుకుంది. భర్త గోడలకు రంగులేసే మేస్త్రీ, నిదానస్థుడు. ఈమె ఇంటికి వస్తే కుర్చీలు కూడా పని ఉన్నట్టు నటిస్తాయని అందరితో చెబుతాడట. కూతురు కాలేజీ దరఖాస్తులో తల్లి చిరునామా గడి దగ్గర 'బస్సు' అని రాస్తే సరిపోతుందా అని అడిగిందట. ఈ రెండూ చెప్పి నవ్వింది కాని, రెండో దానికి నవ్వు తొందరగా ఆగిపోయింది.

ఇప్పుడు వెళుతున్న ఊరి సంగతి వేరు. ఎన్నో ఏళ్లు పోట్లాడి ఆమె పైవాళ్లను ఒక ప్రయోగానికి ఒప్పించింది. ఒక్క శాఖా గ్రంథాలయంలో, ఒక్క ఏడాది, పుస్తకాల ఎంపిక అక్కడి సిబ్బంది చేతిలోనే ఉంటుంది. లారీ రాదు. వాళ్లే చూసి, వాళ్లే అడిగి, వాళ్లే కొంటారు. బాగా జరిగితే మిగతా శాఖలన్నిటికీ అదే పద్ధతి. చెడితే మళ్లీ లారీయే, ఇంక ఎవరూ నోరెత్తకూడదు. ఏడాది నిండింది. ఆ మధ్యాహ్నమే ప్రధాన కార్యాలయం అధికారి చూడటానికి వస్తున్నాడు. లెక్కలు ముందే ఆమెకు అందాయి, అద్భుతంగా ఉన్నాయి. పుస్తకాలు ఇంతగా బయటికి వెళ్లిన శాఖ ఇంకోటి లేదు.

"మరింకెందుకమ్మా కంగారు?" అన్నాను.

"అద్భుతంగా ఉన్నాయి కాబట్టే," అంది.

గ్రంథాలయం ఒక సైకిలు షాపుకూ, ఒక చిన్న ఆసుపత్రికీ మధ్య ఉంది. పొడుగాటి గది. నడుమ బల్ల, గోడల పొడవునా ఇనుప అరలు, తలుపు పక్కన పత్రికల స్టాండు. లోపల ఇద్దరున్నారు. ఒకరు గ్రంథపాలకురాలు, ముప్పై దాటని పిల్ల, కొంగు నడుముకు దోపి అరలు తుడుస్తోంది. రెండో ఆయన చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పెద్దాయన, వేళ్లకు ఎండిన జిగురు. ఏడాది కిందట వీళ్లిద్దరికే ఏరివేతమ్మ అయిదు రోజులు పాఠాలు చెప్పింది. ఆమెను చూడగానే ఆ పిల్ల మంచినీళ్లు తెచ్చింది, పెద్దాయన కుర్చీ తెచ్చాడు. ఆమె నీళ్లు పుచ్చుకుంది, కుర్చీ నాకు ఇప్పించింది.

తాను అరల వెంట నడవడం మొదలుపెట్టింది. చూపుడు వేలు పుస్తకాల వీపుల మీదుగా పోతూ ఉంది, ఎక్కడో ఆగుతుంది, ఒకటి లాగి చూస్తుంది, పెడుతుంది. ఒక అర దగ్గర రెండు లావుపాటి పుస్తకాలు ఒకే రంగులో పక్కపక్కన ఉన్నాయి. ఏదో పాత సంస్థ వార్షికోత్సవ ప్రసంగాల సంపుటి, ఒకటి పాత ప్రతి, ఒకటి సరికొత్తది.

"ఇది రెండోది కొన్నారా?"

"పాతది బాగా వెళ్తోంది మేడమ్. బాగా వెళ్లేదానికి రెండో ప్రతి కొనమన్నారు కదా మీరు," అంది ఆ పిల్ల, గోడ వైపు చూస్తూ.

ఏరివేతమ్మ పాత ప్రతి వెనక అట్ట తెరిచింది. తారీఖుల చీటీ నిండా ముద్రలే. తరువాత లోపలి పేజీలు తిప్పింది. ఒక చోట వేలు ఆగిపోయింది. నేను లేచి వెళ్లి చూశాను. అచ్చయ్యాక కాగితం మడిచి కుట్టి అంచులు కోస్తారు కదా, ఆ కోత అక్కడ తప్పింది. రెండు కాగితాలు పై అంచున అతుక్కునే ఉన్నాయి, సంచీ మూతిలా. ఎవరైనా ఒక్కసారి చదివి ఉంటే చింపకుండా పేజీ తిప్పడం కుదరదు. అన్ని ముద్రలు పడ్డాయి, ఎవరూ చింపలేదు.

ఆమె ఇంకోటి తీసింది, ఇంకోటి. అన్నీ బల్ల మీద పరిచింది. ఆ పిల్ల కొంగు విప్పి మళ్లీ దోపుకుంది. చివరికి పెద్దాయనే నోరు విప్పాడు. "మా ఇంట్లో అందరి పేరు మీదా కార్డులున్నాయమ్మా. మా అల్లుడిక్కూడా తీయించాను."

"అల్లుడుగారు చదువుతారా అన్నయ్యా?"

"వాడు దుకాణం బోర్డు కూడా చదవడు."

అప్పుడు సంగతంతా బయటికి వచ్చింది. మూడేళ్లు ఎవరూ తీసుకోని పుస్తకం అరలో ఉండకూడదని ఏరివేతమ్మ నేర్పింది. వీళ్లు శ్రద్ధగా నేర్చుకున్నారు. అలాంటి పుస్తకం ఏదైనా ఆ మూడేళ్లకు దగ్గర పడితే, వీళ్లే తీసుకున్నారు. ఆ పిల్ల అత్తగారి పేర, మరిది పేర, తోటికోడలి పేర. పెద్దాయన భార్య పేర, అల్లుడి పేర. సాయంత్రం సంచుల్లో మోసుకుపోవడం, మంచం కింద పెట్టడం, గడువు తీరకముందే తెచ్చి ముద్ర వేసుకోవడం, ఒక్క ముద్ర చాలదేమోనన్న భయంతో మళ్లీ ఇంకొకరి పేర తీసుకుపోవడం. ఎక్కువ వెళ్లినదానికి రెండో ప్రతి కొనాలన్న నియమం ఒకటుందని మాత్రం ఆ హడావిడిలో గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి కొత్త ప్రతులు దిగిపోయాయి. నియమం తప్పితే మొదటి మోసం బయటపడుతుంది కదా, అందుకని అదీ పాటించారు. ఏడాది కొనుగోలులో సగానికి సగం, ఎవరూ చదవని పుస్తకాలకు తోబుట్టువులు పుట్టడానికే పోయింది.

లోకంలో దొంగతనాలు చాలా రకాలు చూశాను. పుస్తకాలను అరలోనే ఉంచడానికి జరిగిన దొంగతనం ఇదొక్కటే.

పక్క ఆసుపత్రి నుంచి నర్సమ్మలు ఇద్దరు వచ్చారు అప్పుడే. పై పరీక్షకు చదువుకునే పుస్తకం వచ్చిందా అని అడిగారు. లేదని ఆ పిల్ల చెప్పిన తీరు చూస్తే అది ఆ ఏడాదిలో మొదటిసారి కాదని తెలుస్తోంది. వాళ్లు తలుపు దాకా వెళ్లి, ఒకావిడ వెనక్కి తిరిగి, "మీరు కొనరని చెప్పేస్తే మేం వేరే చూసుకుంటాం కదమ్మా, ప్రతిసారీ వచ్చే నెల అంటారు," అని వెళ్లిపోయింది. కోపంగా కూడా అనలేదు.

ఏరివేతమ్మ వరండాలోకి వచ్చింది. ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి. సైకిలు షాపు అతను ట్యూబుకు గాలి కొడుతూ ఆమెనే చూస్తున్నాడు. నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను.

"ఆఫీసరుకి పుస్తకాలు తెరిచే అలవాటు లేదు," అంది నా ముందు నుంచి వెళుతూ. తిరిగి వస్తూ, "లెక్కలు చూస్తాడు, సంతకం పెడతాడు, కారెక్కుతాడు." ఇంకోసారి వెళ్లి వచ్చి, "నోరు మూసుకుంటే నేను గెలిచినట్టే బాబాయిగారూ. అన్ని శాఖలూ. ఇన్నేళ్లూ తిరిగింది ఇందుకే."

నేను ఏదో అనబోయాను.

"సలహా అడగలేదు లెండి," అంది.

అధికారి వచ్చాడు. మంచివాడే, భోజనం ఆలస్యమైన మనిషిలా ఉన్నాడు. లెక్కల కాగితం ముందు పెట్టుకుని, ఇంత బాగా జరుగుతుందని తాను అనుకోలేదని ఒప్పుకున్నాడు. పైవాళ్లకు గట్టిగా రాస్తానన్నాడు. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. పెద్దాయన గోళ్లకు అంటిన జిగురు గీక్కుంటున్నాడు. ఇంకో నిమిషంలో పని అయిపోయేదే. అధికారి కలం మూత తీశాడు.

ఏరివేతమ్మ బల్ల మీది ప్రసంగాల సంపుటి తీసి, అతుక్కున్న చోట తెరిచి, ఆయన చేతిలో పెట్టింది.

"ఈ పేజీ తిప్పండి సార్."

ఆయన తిప్పబోయాడు. రాలేదు. వేలు దూర్చి చూశాడు. వెనక అట్ట తెరిచి ముద్రలు చూశాడు, మళ్లీ పేజీ చూశాడు. తెలివైనవాడే, ఎవరూ వివరించనక్కర లేకపోయింది. కలం మూత పెట్టేశాడు.

"నాకు ఇది చూపించకపోతే అందరికీ బావుండేది కదండీ," అన్నాడు మెల్లిగా.

"అందరికీ కాదు సార్. ఇప్పుడే ఇద్దరు నర్సమ్మలు ఉత్త చేతుల్తో వెళ్లారు."

అప్పుడు ఆ పిల్ల తలెత్తింది. ఇంతసేపూ అణిగి ఉన్నది ఆ మాటకు ఎందుకో తిరగబడింది. అధికారిని చూడలేదు, ఏరివేతమ్మనే చూసింది.

"మీరు వెళ్లిన మర్నాడే ఒకాయన వచ్చాడు మేడమ్. పాత గోడ గడియారాల మరమ్మతు పుస్తకం కావాలన్నాడు. మనం ముందు రోజే తీసేశాం, మీరే నా చేతికిచ్చి తీయించారు. దానికోసమే రెండు బస్సులు మారి వచ్చాడంట. లేదని నేనంటే, ఉండేది కదమ్మా, నేను చూశాను కదా అని ఆ ఖాళీ దగ్గరే నిలబడ్డాడు. ఏం చెప్పను? తీసెయ్యడం నేర్పారు. తీసేశాక అడిగినవాడికి ఏం చెప్పాలో నేర్పలేదు."

"నేర్పాను," అంది ఏరివేతమ్మ. తరువాత ఆగింది. "అయిదో రోజు సాయంత్రం పాఠం అది."

"అయిదో రోజు మధ్యాహ్నమే మీరు వెళ్లిపోయారు. బస్సుందన్నారు. కాగితాలిచ్చి చదువుకోమన్నారు."

బయట సైకిలు షాపులో గాలి పంపు చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది. ఏరివేతమ్మ ఆ రోజు మొదటిసారి కూర్చుంది, నేను ఖాళీ చేసిన కుర్చీలో. నిజమేనంది. ఆ మాట అధికారికి కూడా వినిపించేలా అంది.

అధికారి తన నిర్ణయం దాచలేదు. చూసింది రాయక తప్పదన్నాడు. వచ్చే విడత నుంచి ఇక్కడికి లారీయే వస్తుంది, మిగతా శాఖల మాట ఇంతటితో ఆగిపోతుంది. ఈ విడత కొనుగోలు జాబితా మాత్రం ఇంకా వీళ్ల చేతిలోనే ఉంది. సాయంత్రం కార్యాలయం మూసేలోగా పంపితే చెల్లుతుంది, లేకపోతే అదీ పోతుంది. లేచి, ఆమెను మళ్లీ ఎప్పుడైనా అడిగి చూడమని చెప్పి, కారెక్కాడు. ఆ మళ్లీ ఎప్పుడైనా అన్నదాన్ని ఆమె వినిపించుకున్నట్టు లేదు.

ఇన్నేళ్ల పని ఒక పూటలో పోయింది. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. గడియారం వైపు చూసి లేచి, చెప్పులు వేసుకుంది.

"రా అమ్మాయ్. అన్నయ్యా, నువ్వూ. తలుపు దగ్గరికి వేసి రండి. బాబాయిగారు చూస్తుంటారు."

నన్ను కాపలా పెట్టి ముగ్గురూ వీధిలోకి వెళ్లారు. ఆసుపత్రిలోకి వెళ్లడం నాకు కనబడింది. తరువాత సైకిలు షాపు, ఎదురుగా కుట్టు మిషన్ల వరస, ఆ పక్క మందుల దుకాణం. నేను వరండాలో నిలబడి చూస్తున్నాను. మొదట ఏరివేతమ్మే అడిగింది. రెండో చోట ఆ పిల్లను ముందుకు తోసింది. మూడో చోటికి వచ్చేసరికి ఆ పిల్లే అడుగుతోంది, పెద్దాయన అరచేతిలో రాసుకుంటున్నాడు. సైకిలు షాపు అతను తనకు కరెంటు బండ్ల వైరింగు నేర్పే పుస్తకం కావాలని ఎప్పట్నించో ఉందని, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని అన్నాడట. పక్క గోడ అవతల ఉన్న మనిషి. ఈ మాట తిరిగి వచ్చాక పెద్దాయన నాకు చెప్పాడు, తన చెంపలు తనే వేసుకున్నంత పని చేస్తూ.

తిరిగి వచ్చాక ఏరివేతమ్మ ఆ అయిదో రోజు పాఠం చెప్పింది. పాఠమంటే ప్రసంగం కాదు. ఫోను ఆ పిల్ల చేతికిచ్చి పెద్ద గ్రంథాలయానికి మాట్లాడమంది. గడియారాల మరమ్మతు పుస్తకం అక్కడ ఉందా? ఉంటే ఈ శాఖకు అరువుగా పంపుతారా? ఎన్నాళ్లకు? ఆ పిల్ల ముందు నసిగింది, తరువాత గొంతు పెరిగింది. ఉందన్నారు. పంపుతామన్నారు. ఫోను పెట్టేసి చాలాసేపు దాన్నే చూస్తూ, "ఇంతేనా?" అంది.

"ఇంతే. లేదు అని ఊరుకోకూడదు. తెప్పిస్తాను, పేరు రాసి వెళ్లండి అనాలి. అది అనగలిగితే తీసెయ్యడానికి భయముండదు."

"మరి అతను పేరు రాయలేదు కదా మేడమ్."

ఆ మనిషి ఏ ఊరివాడో, ఎక్కడ ఏ గడియారం ముందు కూర్చున్నాడో ఎవరికీ తెలియదు.

పొద్దు వాలుతోంది. బల్ల మీద జాబితా తయారవుతోంది. మొదట ఆ ఇద్దరూ ప్రతి పేరుకూ ఏరివేతమ్మ మొహం చూశారు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. కాసేపటికి చూడటం మానేశారు. పెద్దాయన నర్సుల పుస్తకం ఒక్క ప్రతి చాలన్నాడు. ఇద్దరున్నారు, ఇద్దరికీ ఒకే నెలలో పరీక్ష, రెండు కావాలి అంది ఆ పిల్ల. అలా అయితే వైరింగు పుస్తకం పోతుందన్నాడు ఆయన. కుట్టు పుస్తకం తీసేద్దామంది. ఆ మిషన్ల దగ్గర అడిగి మరీ వచ్చి ఎలా తీసేస్తావు, మాటిచ్చాం కదా అన్నాడు. మాట మీరిచ్చారు, నేనివ్వలేదంది. నిన్నటిదాకా కూడబలుక్కుని పుస్తకాలు మంచాల కింద దాచిపెట్టినవాళ్లు, ఇద్దరూ లేచి నిలబడి, బల్ల మీద చేతులు ఆనించి, అరుచుకుంటున్నారు. మంచి పోట్లాట. నేను కూడా కుట్టు పుస్తకం పక్షం వహించి ఒక మాట అన్నాను, నన్ను ఎవరూ లెక్క చేయలేదు.

చక్రాల చప్పుడు వినబడింది. తలుపు వైపు చూస్తే ఏరివేతమ్మ వరండా మెట్లు దిగుతోంది. పెట్టె ఒక్కో మెట్టు మీదా దబ్బుమంటోంది. పిలుద్దామనుకున్నాను. లోపల ఆ పిల్ల అప్పుడే కలం లాక్కుని ఏదో కొట్టేస్తోంది, పెద్దాయన ఆ చెయ్యి పట్టుకుని ఆపుతున్నాడు, ఇద్దరిలో ఒక్కరూ తలెత్తలేదు.

ఆమె వీధి దాటింది. బస్సులు ఆగే చోట నలుగురు నిలబడి ఉన్నారు. అక్కడ ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, వాళ్లను దాటి, తరువాతి ఊరి దారి పట్టి నడిచిపోయింది.